ఆర్‌లో గీసిన గ్రాఫులను కోడుతోనే సేవ్ చేసుకోవడం ఎలా

గణాంకాలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పనిచేయడానికి తెరిచే ఆర్‌స్టూడియోలో, గ్రాఫు కనిపించే ప్లాట్స్ పేన్ (తెరలో ఒక గడి) మీద ఎక్స్‌పోర్ట్ అనే బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కి, ఫైలుకు పేరు పెట్టి, సేవ్ కొడితే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. ఒక్కసారి చూసి వదిలేసే బొమ్మకు ఆ పద్ధతి చాలు. సిద్ధాంత వ్యాసానికో, పత్రికకు పంపే పరిశోధన పత్రానికో, ఆఫీసులో ప్రతి నెలా ఇవ్వవలసిన నివేదికకో గ్రాఫులు తయారు చేసేవారికి మాత్రం చాలదు. అలా సేవ్ చేసిన బొమ్మ కొలత ఆ సమయానికి పేన్ ఎంత వెడల్పుగా ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. దాని నాణ్యత కూడా తెరకు సరిపడేంతే గాని అచ్చుకు సరిపడేంత ఉండదు. రేపు గైడుగారు ‘మే నెల అంకె సరిదిద్ది ఇదే గ్రాఫు మళ్లీ పెట్టండి’ అంటే, పాత కొలతలోనే కొత్త బొమ్మ తీయడానికి ఏ ఆధారమూ మిగలదు.

కోడుతో సేవ్ చేస్తే ఫైలు పేరు, వెడల్పు, ఎత్తు, రిజల్యూషన్ అన్నీ స్క్రిప్టులోనే నమోదై ఉంటాయి. డేటా మారినప్పుడు స్క్రిప్టును మళ్లీ నడిపితే అన్ని బొమ్మలూ అవే కొలతలతో తయారవుతాయి. ఇందులో అన్నిటికంటే ముందు పట్టుకోవలసిన విషయం ఒకటుంది. బొమ్మ చివరికి ఏ కాగితం మీద, ఎంత వెడల్పున కూర్చుంటుందో ముందే తేల్చుకుని, ఆ కొలతలోనే ఆర్ చేత గీయించాలి తప్ప, ఏదో ఒక కొలతలో గీసి వర్డ్‌లో మూల పట్టుకుని లాగి సరిపెట్టకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే అక్షరాలు చిన్నవైపోవడం, గీతలు మసకబారడం వంటి ఫిర్యాదులు చాలావరకు పుట్టనే పుట్టవు.

ఉదాహరణ కోసం విశాఖ చేపల రేవులో నెలనెలా దిగే సరుకును తీసుకుందాం. మీ దగ్గర ‘చేపలు’ అనే డేటా ఫ్రేములో, అంటే పట్టికలో, నెల, రకం, టన్నులు అనే మూడు నిలువు వరుసలు ఉన్నాయనుకోండి. వంజరం, చందువ, కానాగంతలు, రొయ్యలు, పీతలు ఇందులోని రకాలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, అంటే 61 రోజులపాటు, మరపడవల వేటకు నిషేధం ఉంటుంది కాబట్టి గ్రాఫులో ఆ భాగం పల్లంగా కనిపించాలి; ఆ పల్లం చదివేవారికి స్పష్టంగా తెలియడమే మన బొమ్మ పని.

ఇక్కడ ఫంక్షన్ల పేర్లను, కోడులోని ఫైళ్ల పేర్లను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. ఆర్‌లో టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాలలో, పెద్ద చిన్న అక్షరాల తేడా పాటిస్తూ రాయాలి, ఎందుకంటే ఆర్ ఆ తేడాను పట్టించుకుంటుంది. చుక్క, కామా, బ్రాకెట్లు, కోట్ గుర్తులు ఇక్కడ ఉన్నట్టే ఉంటాయి.

తెరవడం, గీయడం, మూయడం

ఆర్‌తో పాటే వచ్చే ప్లాట్, బార్‌ప్లాట్, హిస్ట్ వంటి ఫంక్షన్లతో గీసే గ్రాఫులకు సేవ్ అనే ఆజ్ఞ విడిగా లేదు. ఆర్ ఏ బొమ్మనైనా ఒక ‘డివైస్’ మీద గీస్తుంది. మామూలుగా ఆ డివైస్ మన తెర. గీయడానికి ముందు ఒక ఫైలును డివైస్‌గా తెరిస్తే ఆ తర్వాత గీసినదంతా తెర మీద కాక ఫైలులోకి వెళుతుంది. పని పూర్తయ్యాక డివైస్‌ను మూసేయాలి. మొత్తం మూడు అడుగులే:

పీఎన్‌జీ("దిగుబడి.పీఎన్‌జీ", విడ్త్ = 14.5, హైట్ = 9, యూనిట్స్ = "సీఎమ్", రెస్ = 300)
బార్‌ప్లాట్(చేపలు$టన్నులు, నేమ్స్.ఆర్గ్ = చేపలు$నెల)
డెవ్.ఆఫ్()

మూడో వరుసలో ఉన్నది డీ, ఈ, వీ, చుక్క, ఓ, ఎఫ్, ఎఫ్, ఆపైన ఖాళీ బ్రాకెట్లు. కొత్తగా నేర్చుకునేవారు మరిచిపోయేది దీన్నే. మరిచిపోతే రెండు లక్షణాలు కనిపిస్తాయి: ఫోల్డరులో ఫైలు ఉంటుంది గాని తెరిస్తే ఖాళీగానో చెడిపోయినట్టో కనిపిస్తుంది, ఆ తర్వాత ఏ గ్రాఫు గీసినా ప్లాట్స్ పేన్‌లో ఏమీ రాదు, ఎందుకంటే అవన్నీ ఇంకా తెరిచి ఉన్న ఆ ఫైలులోకే పోతున్నాయి. అప్పుడు డెవ్.ఆఫ్‌ను ఒకసారి నడపండి. రెండు మూడు ఫైళ్లు తెరిచి ఉంటే ఒక్కసారి చాలదు; గ్రాఫిక్స్.ఆఫ్() అన్నిటినీ కలిపి మూసేస్తుంది. ఏవేవి తెరిచి ఉన్నాయో డెవ్.లిస్ట్() చెబుతుంది. అన్నీ మూతపడ్డాక కన్సోల్‌లో ‘నల్ డివైస్ 1’ అని కనిపిస్తే అది పొరపాటు సందేశం కాదు, ఇక ఏ డివైసూ తెరిచి లేదని చెప్పడమే.

ఈ మూడు అడుగులను సొంత ఫంక్షన్‌లో పెట్టేవారు డివైస్ తెరిచిన వెంటనే ఆన్.ఎగ్జిట్(డెవ్.ఆఫ్()) అని ఒక వరుస రాయడం మంచి అలవాటు. మధ్యలో ఏదైనా ఎర్రర్ వచ్చి ఫంక్షన్ ఆగిపోయినా, బయటికి వచ్చేటప్పుడు ఆర్ ఆ డివైస్‌ను మూసే వస్తుంది.

పీఎన్‌జీ స్థానంలో పీడీఎఫ్, ఎస్‌వీజీ, టిఫ్, జేపెగ్ అనే ఫంక్షన్లూ ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. కొలతల విషయంలో మాత్రం వాటి అలవాట్లు వేరు. పీడీఎఫ్, ఎస్‌వీజీ అంగుళాలనే అడుగుతాయి, ఏమీ చెప్పకపోతే 7 అంగుళాల చదరం గీస్తాయి. పీఎన్‌జీ ఏమీ చెప్పకపోతే 480 పిక్సెళ్ల చదరం గీస్తుంది. ఇబ్బందులకు మూలం ఈ 480 పిక్సెళ్లే, అందుకే దీని దగ్గర కాస్త నిలబడదాం.

కొలతల లెక్క

పిక్సెల్ అనేది పొడవు కాదు, చుక్క. అంగుళానికి ఎన్ని చుక్కలో చెబితేనే పిక్సెళ్లు పొడవుగా మారతాయి. ఆ సంఖ్యే రెస్. మనం చెప్పకపోతే ఆర్ దాన్ని 72గా తీసుకుంటుంది. అక్షరాలను మాత్రం ఆర్ పాయింట్లలో కొలుస్తుంది. 72 పాయింట్లు ఒక అంగుళం.

అచ్చుకు 300 కావాలని ఎవరో చెప్పగా విని, వెడల్పూ ఎత్తూ ఇవ్వకుండా రెస్ = 300 అని మాత్రమే రాస్తే ఏమవుతుందో చూడండి. 480 పిక్సెళ్లను 300తో భాగిస్తే 1.6 అంగుళాలు వస్తుంది. అంటే మీరు అడిగింది అగ్గిపెట్టె కంటే చిన్న బొమ్మ. ఆర్ గ్రాఫు చుట్టూ మామూలుగా వదిలే మార్జిన్లు కింద 5.1 వరుసలు, పైన 4.1 వరుసలు, వరుసకు 0.2 అంగుళం చొప్పున కలిపితే 1.84 అంగుళాలు. 1.6 అంగుళాల ఎత్తులో 1.84 అంగుళాల మార్జిన్లు పట్టవు కాబట్టి ‘ఫిగర్ మార్జిన్స్ టూ లార్జ్’ అని ఆర్ ఆగిపోతుంది. ఆ సందేశం చూసి చాలామంది పార్(మార్ = ...) తో మార్జిన్లు తగ్గించే పనిలో పడతారు. నిజానికి తగ్గించవలసింది మార్జిన్ కాదు, పెంచవలసింది బొమ్మ కొలత.

దీనికి ఎదురు తప్పు ఇంకొకటి ఉంది. వెడల్పు 1712 పిక్సెళ్లు అని ఇచ్చి రెస్ ఇవ్వకపోతే, 72 చొప్పున అది దాదాపు 23.8 అంగుళాల బొమ్మ అవుతుంది. అందులో 12 పాయింట్ల అక్షరాలతో గీసి, ఆ బొమ్మను వర్డ్‌లో 14.5 సెంటీమీటర్లకు కుదిస్తే అక్షరాలు 3 పాయింట్ల లోపుకు పడిపోతాయి. అదే 1712 పిక్సెళ్లను రెస్ = 300తో అడిగి ఉంటే బొమ్మ ఉన్నపళంగా 14.5 సెంటీమీటర్లే అయ్యేది, అక్షరాలూ 12 పాయింట్లలోనే ఉండేవి. చుక్కల సంఖ్య రెండు బొమ్మల్లోనూ ఒకటే అయినా, ఒకటి చదవగలిగేది, రెండోది భూతద్దం అడిగేది.

అందుకే పిక్సెళ్ల లెక్క మానేసి సెంటీమీటర్లలో ఆలోచించడం మేలు. పై కోడులో 14.5 అన్న అంకె ఊరికే వేసింది కాదు. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. బైండింగు కోసం ఎడమవైపు ఒకటిన్నర అంగుళం, కుడివైపు ఒక అంగుళం వదిలితే మిగిలేది 14.65 సెంటీమీటర్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయం చుట్టుపక్కల, మద్దిలపాలెం వైపు థీసిస్ ప్రింటు తీసి బైండు చేసే షాపులకు వెళ్లే ముందే మీ విభాగం అడిగే మార్జిన్లు కనుక్కుని, మిగిలిన వెడల్పును స్క్రిప్టు మొదట్లోనే ఒక వేరియబుల్‌గా రాసిపెట్టుకోండి. అన్ని గ్రాఫులకూ అదే వేరియబుల్ వాడితే థీసిస్ అంతటా అక్షరాలు ఒకే పరిమాణంలో ఉంటాయి. పవర్‌పాయింట్ స్లయిడుకైతే లెక్క వేరు: వెడల్పాటి స్లయిడు 13.33 అంగుళాల వెడల్పు, 7.5 అంగుళాల ఎత్తు ఉంటుంది. వెనక వరుసలో కూర్చున్నవారికీ కనిపించాలి కాబట్టి అక్షరాలను కూడా పెంచాలి. థీసిస్ బొమ్మనే తెచ్చి స్లయిడులో అతికించడం రెండు చోట్లా పనిచేయదు. ఒకే గ్రాఫును రెండు కొలతల్లో రెండు ఫైళ్లుగా తీయడమే సరైన దారి, కోడులో అది ఒక్క అదనపు వరుస.

జీజీప్లాట్2 వాడేవారికి జీజీసేవ్

హాడ్లీ విక్‌హామ్ రూపొందించిన జీజీప్లాట్2 ప్యాకేజీతో గీసేవారికి తెరవడం, మూయడం అనే తంతు లేదు. జీజీసేవ్ ఆ రెండూ తానే చూసుకుంటుంది:

జీజీసేవ్("దిగుబడి.పీఎన్‌జీ", ప్లాట్ = బొమ్మ, విడ్త్ = 14.5, హైట్ = 9, యూనిట్స్ = "సీఎమ్", డీపీఐ = 300)

ఫైలు పేరు చివర ఉన్న ఎక్స్‌టెన్షన్‌ను బట్టి అది ఏ రకం ఫైలు తయారు చేయాలో నిర్ణయించుకుంటుంది. చివర పీడీఎఫ్ అని మారిస్తే పీడీఎఫ్ వస్తుంది. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే సంఖ్య, పైన చూసిన రెస్ లాంటిదే; అది చెప్పకపోయినా 300గానే తీసుకుంటుంది. ఎస్‌వీజీ కావాలంటే మాత్రం ఎస్‌వీజీలైట్ అనే ప్యాకేజీ కూడా ఇన్‌స్టాల్ అయి ఉండాలి.

ఇంత సులువైన ఫంక్షన్‌లోనూ మూడు చోట్ల జాగ్రత్త అవసరం. మొదటిది, ప్లాట్ = అన్న భాగాన్ని వదిలేస్తే జీజీసేవ్ చివరిసారి తయారైన గ్రాఫును సేవ్ చేస్తుంది. స్క్రిప్టు మధ్యలో ఇంకో గ్రాఫు చేర్చిన రోజున, రొయ్యల పేరున్న ఫైలులో పీతల గ్రాఫు కూర్చుంటుంది, ఎక్కడా ఎర్రర్ రాదు. గ్రాఫుకు పేరు పెట్టి, ఆ పేరును ఇక్కడ చెప్పడమే దీనికి మందు. రెండవది, వెడల్పు, ఎత్తు ఇవ్వకపోతే అది ప్లాట్స్ పేన్ కొలతను తీసుకుంటుంది, అంటే ఎక్స్‌పోర్ట్ బటన్ దగ్గర వద్దనుకున్న ఇబ్బందే కోడులోకి తిరిగి వస్తుంది. కన్సోల్‌లో ‘సేవింగ్ ఇన్ని అంగుళాల ఇమేజ్’ అని సందేశం కనిపించిందంటే మీరు కొలతలు ఇవ్వడం మరిచారని అర్థం. మూడవది, యూనిట్స్ చెప్పకపోతే అంగుళాలుగా లెక్కిస్తుంది. పిక్సెళ్లు అనుకుని విడ్త్ = 1600 అని రాస్తే 1600 అంగుళాల బొమ్మ అడిగినట్టు. అదృష్టవశాత్తూ 50 అంగుళాలు దాటితే జీజీసేవ్ తనంతట తానే ఆగి, యూనిట్లు సరిచూసుకోమని అడుగుతుంది. ఆ ఆపుదలను లిమిట్‌సైజ్ = ఫాల్స్ అని తీసేసే సలహాలు అక్కడక్కడా కనిపిస్తాయి; పెద్ద పోస్టరుకు తప్ప వాటిని పాటించకండి.

జీజీప్లాట్2లో అక్షరాల మూల పరిమాణం 11 పాయింట్లు, అక్షం మీది అంకెలు అందులో 0.8 వంతు, అంటే 8.8 పాయింట్లు. 29 సెంటీమీటర్ల వెడల్పున సేవ్ చేసి సగానికి కుదిస్తే అవి 4.4 పాయింట్లే. అసలు కొలతలోనే గీసినప్పుడు నెలల పేర్లు ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయంటే, బొమ్మను పెంచడం కంటే నెలల పేర్లను పొట్టిగా రాయడమో, కోఆర్డ్_ఫ్లిప్‌తో గ్రాఫును అడ్డం తిప్పడమో మంచిది.

రకానికొక బొమ్మ

అయిదు రకాల చేపలకు అయిదు గ్రాఫులు కావాలంటే ఫర్ లూప్ రాసి, ప్రతి చుట్టులో ఒక రకాన్ని ఎంచి, గ్రాఫు గీసి, పేస్ట్0తో ఫైలు పేరు కూర్చి, జీజీసేవ్ పిలిస్తే చాలు. ఫైలు పేర్లకు మాత్రం ఇంగ్లీషు చిన్నక్షరాలు, అంకెలు, అడ్డగీతలే వాడండి. ‘వంజరం గ్రాఫు కొత్తది’ అని తెలుగులో, మధ్యలో ఖాళీలతో పెట్టిన పేర్లు మీ కంప్యూటరులో బాగానే ఉన్నా, జిప్ చేసి ఇంకొకరికి పంపినప్పుడు చెదిరిపోవచ్చు.

జీజీసేవ్ కాక పీఎన్‌జీ, డెవ్.ఆఫ్ జంటను లూపులో వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కన్సోల్‌లో గ్రాఫు పేరు టైపు చేస్తే అది కనిపిస్తుంది గాని, లూపులోనూ ఫంక్షన్‌లోనూ ఒట్టి పేరు రాస్తే ఆర్ దాన్ని గీయదు. ప్రింట్(బొమ్మ) అని స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఖాళీ ఫైళ్లు మిగులుతాయి. లూపుకు ముందు పీడీఎఫ్‌ను ఒక్కసారి తెరిచి, లూపు ముగిశాక మూస్తే గ్రాఫులన్నీ ఒకే ఫైలులో పేజీకొకటి చొప్పున వస్తాయి; గైడుకు చూపించడానికి ఇది చాలా అనువైన రూపం. అదే పని పీఎన్‌జీతో చేస్తే, ఫైలు పేరులో శాతం గుర్తు, 03, డి అక్షరం వరుసగా ఉంచి సంఖ్యకు చోటు చూపించకపోతే, ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ పోయి చివరి గ్రాఫు ఒక్కటే దక్కుతుంది.

ఏ ఫార్మాట్ ఎప్పుడు

గీతలు, అక్షరాలు, పట్టీలు ఉన్న మామూలు గ్రాఫుకు పీడీఎఫ్ ఉత్తమం. అందులో బొమ్మ చుక్కలుగా కాక గీతలుగానే నిలుస్తుంది కాబట్టి ఎంత పెంచినా మసకబారదు. డీపీఐ ప్రసక్తే లేదు. లేటెక్ అనే పత్రాల కూర్పు సాధనంలో థీసిస్ రాసేవారు దీన్ని నేరుగా చేర్చుకోవచ్చు. వర్డ్ వాడేవారికి 300 డీపీఐ పీఎన్‌జీ సులువు. జేపెగ్ ఫోటోల కోసం పుట్టిన ఫార్మాట్; గ్రాఫుల్లో అక్షరాల అంచుల చుట్టూ మరకలు తెస్తుంది కాబట్టి దాన్ని వదిలేయండి. కొన్ని పత్రికలు టిఫ్ అడుగుతాయి. 14.5, 9 సెంటీమీటర్ల బొమ్మను 600 డీపీఐలో కుదింపు లేకుండా తీస్తే, పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున, దాదాపు 22 మెగాబైట్లు అవుతుంది; కంప్రెషన్ = "ఎల్‌జెడ్‌డబ్ల్యూ" అని చేరిస్తే నాణ్యత ఏమీ తగ్గకుండానే ఫైలు బాగా చిన్నదవుతుంది.

పీడీఎఫ్‌కు కూడా ఒక మినహాయింపు ఉంది. విశాఖ ఓడరేవు దగ్గర పోటుపాట్ల మట్టం గంటకొకసారి చొప్పున తీసుకుంటే ఏడాదికి 8,760 రీడింగులు, పదేళ్లకు 87,600. వాటన్నిటినీ చుక్కలుగా గీసి పీడీఎఫ్‌లో పెడితే ప్రతి చుక్కా విడివిడిగా ఫైలులోకి ఎక్కుతుంది. తెరిచినప్పుడు పేజీ నెమ్మదిగా, చుక్కచుక్కగా నిండుతుంది. అటువంటి గ్రాఫుకు పీఎన్‌జీయే మంచిది.

తెలుగు అక్షరాలు ఉన్నప్పుడు

గ్రాఫు శీర్షికలో ‘విశాఖపట్నం’ అని తెలుగులో రాసి మామూలు పీడీఎఫ్ ఫంక్షన్‌తో సేవ్ చేస్తే, తెలుగు ఉండవలసిన చోట చుక్కలు వరుసగా వస్తాయి, కన్సోల్‌లో ‘కన్వర్షన్ ఫెయిల్యూర్’ అనే హెచ్చరికలు కుప్పపడతాయి. ఆ ఫంక్షన్ ఒక్కో అక్షరానికి ఒక్కో బైటు చాలే పాత లిపి పద్ధతిని అనుసరించి పనిచేస్తుంది. తెలుగు అందులో ఇమడదు. దాని బదులు కైరో_పీడీఎఫ్ వాడాలి. అది ఫాంటును ఫైలులోనే పొదుగుతుంది కూడా, కాబట్టి ఫాంటు లేని కంప్యూటరులోనూ బొమ్మ చెదరదు.

అయితే అక్షరాలు కనిపించడం వేరు, సరిగా కూర్చుకోవడం వేరు. ‘విశాఖపట్నం’లో ట కింద న ఒత్తుగా దిగాలి. అక్షరాలను కూర్చే విద్య తెలియని డివైస్ మీద ట నెత్తిన పొల్లు పడి, పక్కన నిండు న నిలబడుతుంది; ‘రొయ్యలు’లో కొమ్ము, ఒత్తు దేనికది విడిపోతాయి. లైనక్స్‌లో కైరో_పీడీఎఫ్ పాంగో అనే లైబ్రరీ సాయంతో ఒత్తులను చక్కగా కూరుస్తుంది. విండోస్‌లో ఆ సాయం అందదు కాబట్టి ఫలితాన్ని కళ్లతో సరిచూడకుండా నమ్మవద్దు.

ఏ కంప్యూటరులోనైనా నమ్మదగిన దారి రాగ్ అనే ప్యాకేజీ. అది సిస్టంలో ఉన్న ఫాంట్లను నేరుగా వాడుకుంటుంది, గుణింతాలనూ ఒత్తులనూ సరిగా కూరుస్తుంది. రాగ్ ఇన్‌స్టాల్ అయి ఉంటే కొత్త జీజీసేవ్ పీఎన్‌జీ ఫైళ్లకు దాన్నే ఎంచుకుంటుంది; అయినా డివైస్ = రాగ్::ఏజీజీ_పీఎన్‌జీ అని చెప్పడంలో నష్టం లేదు, స్క్రిప్టు చదివేవారికి ఉద్దేశం తెలుస్తుంది. ఆర్‌స్టూడియో గ్లోబల్ ఆప్షన్లలో, గ్రాఫిక్స్ కింద బ్యాకెండ్‌ను కూడా ఏజీజీగా మార్చుకుంటే తెర మీద కనిపించేదీ ఫైలులో వచ్చేదీ ఒకేలా ఉంటాయి.

ఫాంటు పేరు కూడా చెప్పాలి. విండోస్‌లో నిర్మలా యూఐ ముందే ఉంటుంది. నోటో శాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతుంది, ఎక్కడ నడిపినా ఒకే రూపం కావాలంటే దీన్ని ఎంచుకోవచ్చు. థీమ్‌లో టెక్స్ట్ = ఎలిమెంట్_టెక్స్ట్(ఫ్యామిలీ = "...") అని ఇస్తే శీర్షికకు, అక్షాలకు, లెజెండుకు అది వర్తిస్తుంది. పట్టీల మీద అంకెలు, పేర్లు వేసే జియోమ్_టెక్స్ట్‌కు మాత్రం ఫ్యామిలీని విడిగా ఇవ్వండి. పేరు అక్షరం పొల్లుపోకుండా రాయాలి. ఖచ్చితమైన పేరు కోసం సిస్టంఫాంట్స్ ప్యాకేజీలోని సిస్టం_ఫాంట్స్() పట్టిక చూడవచ్చు. విండోస్‌లో ఆర్ 4.2కు ముందు వెర్షన్ వాడుతున్నవారికి తెలుగు బదులు కోణపు బ్రాకెట్లలో యూ+0సీ35 వంటి సంకేతాలు కనిపిస్తుంటే, కోడులో వెతకడం మాని ఆర్‌నే కొత్త వెర్షన్‌కు మార్చుకోండి. ఆ వెర్షన్ నుంచి విండోస్‌లోనూ, అన్ని భాషల అక్షరాలూ ఇమిడే యూటీఎఫ్-8 సహజ లిపి పద్ధతి అయింది.

నేపథ్యం, ఫోల్డరు, భద్రత

జీజీప్లాట్2 పాత వెర్షన్లలో థీమ్_మినిమల్‌తో గీసిన బొమ్మకు వెనక రంగు ఉండదు. తెల్ల కాగితం మీద ఆ తేడా తెలియదు. అదే ఫైలును వాట్సాప్‌లో పంపితే, డార్క్ మోడ్ పెట్టుకున్న గైడుగారికి నల్ల నేపథ్యం మీద నల్ల అక్షరాలు కనిపించవచ్చు. జీజీసేవ్‌లో బీజీ = "వైట్" అని చేరిస్తే సరిపోతుంది. థీసిస్ కాపీలలో కొన్నయినా నలుపు తెలుపులో ప్రింటు తీస్తారు కనుక, రంగులను స్కేల్_ఫిల్_గ్రే తో ఒకసారి గీయించి చూసుకోవడం, లేదా వెలుగు తేడా ఉన్న విరిడిస్ రంగుల వరుసను వాడటం మంచిది. ఎరుపు, ఆకుపచ్చ రెండూ బూడిద రంగులోకి మారితే వంజరానికీ చందువకూ తేడా ఉండదు.

ఫైళ్లు ఎక్కడ పడుతున్నాయో తెలియకపోతే గెట్‌డబ్ల్యూడీ() అడగండి. ఆర్‌స్టూడియో ప్రాజెక్టు తెరిచి, అందులో బొమ్మల కోసం ఒక ఫోల్డరును డిర్.క్రియేట్‌తో తయారు చేసి, ఫైల్.పాత్‌తో దారి కూర్చితే సీ డ్రైవు నుంచి మొదలయ్యే పొడవైన చిరునామాలు రాయవలసిన పని ఉండదు. విండోస్‌లో ఒక పీడీఎఫ్ రీడరులో తెరిచి ఉన్నప్పుడు దాన్నే మళ్లీ సేవ్ చేయబోతే ‘కెనాట్ ఓపెన్ ఫైల్’ అంటుంది. రీడరును మూసి మళ్లీ నడపడం తప్ప వేరే చిట్కా అక్కర్లేదు.

బొమ్మతో పాటు గ్రాఫు వస్తువును కూడా సేవ్‌ఆర్‌డీఎస్‌తో దాచుకోవచ్చు. తర్వాత రీడ్‌ఆర్‌డీఎస్‌తో తెరిచి శీర్షిక మార్చి మళ్లీ తీసుకోవచ్చు. ఇందులో రెండు సంగతులు మరువరాదు. ఆ ఫైలులో గ్రాఫుతో పాటు దాని వెనక ఉన్న డేటా కూడా మొత్తం ఉంటుంది, కాబట్టి పడవ యజమానుల పేర్ల వంటి వివరాలు ఉన్న డేటాతో గీసిన వస్తువును ఇతరులకు పంపకూడదు. పైగా జీజీప్లాట్2 వెర్షన్ మారినప్పుడు పాత వస్తువులు తెరుచుకోకపోవచ్చు. 2025లో వచ్చిన 4.0 వెర్షన్ వాటి లోపలి నిర్మాణాన్నే మార్చింది. దీర్ఘకాలం దాచవలసింది డేటానూ స్క్రిప్టునూ.

అప్పగించే ముందు ఒక పరీక్ష చేయండి. బొమ్మల ఫోల్డరును పూర్తిగా ఖాళీ చేసి, ఆర్‌స్టూడియోను మూసి, టెర్మినల్‌లో ఆర్‌స్క్రిప్ట్ ఆజ్ఞతో స్క్రిప్టును మొదటి నుంచి చివరి దాకా నడపండి. ఫోల్డరులో ఫైళ్లన్నీ తిరిగి వచ్చాయో లేదో లెక్క చూసుకుని, ఒక్కొక్కటీ 100 శాతం సైజులో తెరిచి ఒత్తులను చదవండి. అడగని ఫైలు ఒకటి ‘ఆర్‌ప్లాట్స్.పీడీఎఫ్’ పేరుతో పక్కన ప్రత్యక్షమైతే, స్క్రిప్టులో ఎక్కడో ఒక గ్రాఫును డివైస్ తెరవకుండానే గీశారని అర్థం. ఆ ఫైలు తెరిచి, ఏ గ్రాఫో గుర్తుపట్టి, దానికి జీజీసేవ్ వరుస చేర్చండి.